ఉప్పు సంచిలో ఐదో పుస్తకం

గుర్వయ్యకు ఊళ్లో శత్రువులు లేరు. తగాదా పెట్టుకునేంత పొలం లేదు, రాజకీయం చేసేంత తీరిక లేదు. ఎన్నికలప్పుడు ఎవరొచ్చి భుజం మీద చెయ్యి వేసినా "సరే అన్నా" అని పంపించే మెతక మనిషి. అలాంటివాడు యాభై దాటాక ఒకాయన మీద పగబట్టాడు. ఆయన్ని ఈయన ఎన్నడూ చూడలేదు. గుర్వయ్య అనే గొర్రెల కాపరి భూమ్మీద ఉన్నాడని ఆయనకు తెలియనే తెలియదు. హైదరాబాదులో ఎక్కడో కూర్చుని రాజులవీ రాక్షసులవీ మాయకోటలవీ కథలు రాసుకుంటాడాయన. పేరు రఘుపతి. కాలేజీ పిల్లలు ఆయన పుస్తకాల కోసం ఎగబడతారని, ఆయన కనిపిస్తే చుట్టూ మూగుతారని చెప్పుకుంటారు. ఎవరు మూగితే గుర్వయ్యకేం? ఈయన కడుపుమంటంతా ఒక్కటే. ఆ రఘుపతి తన పెళ్లాం చెవిని ఎత్తుకుపోయాడు.

ఈ మాట అర్థం కావాలంటే ముందు గుర్వయ్య సంగతి తెలియాలి.

ఆత్మకూర్‌కు కాస్త దూరంలో, కృష్ణా నది వైపు ఉన్న ఊరు గుర్వయ్యది. అయిదో తరగతి చదువుతుండగా బాపు మంచం పట్టాడు. పలక గూట్లోకి పోయింది, కర్ర చేతికొచ్చింది. అప్పటినుంచి ఆయన బతుకంతా మంద వెంటే నడిచింది. దీపావళి దాటాక ఊళ్లో మేత అయిపోతుంది. మందను తోలుకుని, దారి పొడుగునా చెలకలూ గుట్టలూ మేపుకుంటూ, అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ అడవి అంచు పట్టుకుని, దేవరకొండ దాటి నల్లగొండ జిల్లా కాలువల కింది పొలాలకు చేరాలి. అక్కడ వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లు మేపుతూ, ఎరువు కోసం రైతులు పిలిచిన ప్రతి చేనులో మంద నిలుపుతూ ఎండాకాలం వెళ్లదీయాలి. మళ్లీ మిరుగం నాటికి, తొలి వానలకు, ఇల్లు చేరాలి. ఏడాదిలో సగం రోడ్డు మీద, సగం ఇంటి దగ్గర. ఆయన బాపుదీ అదే లెక్క.

నడవలేని జీవాలను వెంట తీసుకుపోరు. కుంటివి, ముసలివి, నిండు చూలువి ఇంటి దొడ్లోనే ఉంటాయి. వాటితోపాటు గుర్వయ్య భార్య భాగ్యలక్ష్మి ఉంటుంది. ఒక్కతే కూతురు, పెళ్లయి వనపర్తిలో కాపురం. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఇక గుర్వయ్య అసలు గొప్పతనం ఏమిటంటే, ఆయన కథ చెబితే వినాలి. మిరుగం నాడు ఇల్లు చేరి, తలకు పోసుకుని, బువ్వ తిని అరుగు మీద కూర్చున్నాడా, ఇక మొదలు. దారిలో చూసినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చూడనివి ఇంకా బాగా చెప్పేవాడు. దూరాన గుట్ట మీద కనపడిన చిరుత ఇంటికొచ్చేసరికి రెండు చిరుతలయ్యేది. ఒక ఏడాది అది కృష్ణ ఈదుకుంటూ వచ్చి ఆయనతో మాట్లాడింది కూడా. చుట్టుపక్కలవాళ్లు వచ్చి వినేవారు, నవ్వేవారు, పోయేవారు. గుర్వయ్యకు వాళ్లతో పని లేదు. ఆయన చెప్పేది భాగ్యలక్ష్మికి. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా, సరిగ్గా కథ ఊపిరి తీసుకునే చోట "మల్లేమాయె?" అనేది. ఆ ఒక్క మాట కోసం గుర్వయ్య ఎండల్లో నడిచేవాడంటే అబద్ధం కాదు. దారిలో ఏ వింత కనపడినా, ఇది భాగ్యకు ఎట్లా చెప్పాలి అని అక్కడే వాక్యాలు కూర్చుకునేవాడు.

తెలంగాణ వచ్చిన అయిదారేళ్లకు, ఒక మిరుగం నాడు, ఆ మాట ఆగిపోయింది.

ఆ ఏడాది ఆయన దగ్గర నిజంగానే మంచి కథ ఉంది. కలపాల్సిన అవసరం లేనంత మంచిది. దారి పొడుగునా దానికి నగిషీలు చెక్కుకుంటూ వచ్చాడు. స్నానం అయింది, బువ్వ అయింది. అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. భాగ్యలక్ష్మి గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట లేదు, లావుపాటి పుస్తకం ఉంది.

"ఏమే, గీసారి అమ్రాబాద్ అడివంచున ఏమైందో ఎరుకనా?"

"ఊఁ."

"చిరుత వచ్చింది."

"ఊఁ."

"మన కుక్కను నోట కరుసుకొని గుట్టెక్కింది."

"అయ్యో పాపం," అని ఆమె పేజీ తిప్పింది. "జర ఆగయ్యా, గిది కానియ్. తారావళి కోటల ఇరుక్కున్నది."

తారావళి ఎవరో, ఏ కోటో గుర్వయ్యకు తెలియదు. కుక్క మాత్రం ఆయన పెంచిన కుక్క. ఆమె ఆ పేజీ అయ్యాక ఇంకో పేజీ చదివింది, ఆ తర్వాత లేచి దొడ్లోకి పోయింది. కుక్క కథ ఆ ఏడాది ఎవరికీ చెప్పలేదాయన.

జరిగిందేమిటంటే, అంతకుముందు చలికాలంలో భాగ్యలక్ష్మి మహిళా సంఘం మీటింగుకని ఆత్మకూర్ పోయింది. అకాల వాన పట్టుకుంటే పక్కనే ఉన్న గ్రంథాలయంలోకి దూరింది. అక్కడ పనిచేసే నిహారిక అనే అమ్మాయి ఊరికే కూర్చున్న మనిషి చేతిలో ఒక పుస్తకం పెట్టింది. పుస్తకం పేరు "అగ్గిగవ్వ". భాగ్యలక్ష్మి ఏడో తరగతి దాకా చదివింది, ఆ తర్వాత సంఘం కాగితాలు తప్ప ఏమీ చదవలేదు. వాన వెలిసింది. ఆమె లేవలేదు. సాయంత్రం నిహారిక తలుపులు వేస్తూ, ఇంటికి తీసుకుపో పెద్దమ్మా అని ఇచ్చి పంపింది.

అట్లా వచ్చిపడ్డాడు రఘుపతి గుర్వయ్య ఇంట్లోకి. వెనక అట్ట మీద బొమ్మ కూడా ఉంది. నున్నటి ముఖం, కళ్లద్దాలు, ఒక పక్కకు దువ్విన ఒత్తు జుట్టు, అన్నిటికీ మించి ఆ నవ్వు. ఒక్క పూట ఎండలో నిలబడిన ముఖం కాదది. భాగ్యలక్ష్మి చదవడం ఆపినప్పుడల్లా పుస్తకాన్ని గోడ గూట్లో నిలబెట్టేది. ఆ నవ్వు ఇల్లంతా చూస్తుండేది. గుర్వయ్య అటు పోతూ పుస్తకాన్ని తిప్పి పెట్టేవాడు. ఆమె వచ్చి చదువుకుని మళ్లీ ఎట్లా పడితే అట్లా పెట్టేది. చివరికి ఒకరోజు ఆయన దాన్ని పడుకోబెట్టి పైన ఉప్పు డబ్బా పెట్టాడు.

"డబ్బ గీడికెందుకొచ్చింది?" అందామె.

"గాలికి ఎగిరిపోతదని."

"గింత లావు పుస్తకం గాలికెట్ల ఎగుర్తదయ్యా?" అని ఆమె డబ్బా తీసి పక్కన పెట్టింది. రఘుపతి మళ్లీ నవ్వాడు.

గుర్వయ్య ఉండబట్టలేక ఆత్మకూర్ పోయాడు. గ్రంథాలయంలో చెప్పులు విడిచి, నిహారిక బల్ల ముందు నిలబడి అడిగాడు.

"బిడ్డా, గా రఘుపతి గింకా ఏమన్న రాసిండా? గా ఒక్కటేనా?"

ఒక్కటే అంటుందని గంపెడాశ. నిహారిక ముఖం వెలిగిపోయింది. "మస్తు రాసిండు పెద్దనాయనా. అగ్గిగవ్వే అయిదు భాగాలు. నాలుగొచ్చినయి, అయిదోది ఇంక రావాలె. గవి గాక వేరేవి ఉన్నయి. చూపియ్యాల్నా?"

"వద్దు," అన్నాడు గుర్వయ్య. తలుపు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. "గాయిన ఎప్పుడన్న గీడికి వస్తడా?"

"గీడికెందుకు వస్తడు పెద్దనాయనా!"

అదొక్కటే ఆ రోజు ఆయనకు దొరికిన ఊరట. అయినా వచ్చేటప్పుడు చేతిలో మొదటి భాగం ఇంకో ప్రతి ఉంది. శత్రువు ఇంట్లో ఏముందో చూడకుండా పోరాడేదెట్లా?

అప్పటినుంచి మధ్యాహ్నం మంద నీడకు చేరగానే గుర్వయ్య పుస్తకం తీసేవాడు. పెదవులు కదిలిస్తూ, వేలు పెట్టి, ఒత్తులు వచ్చిన చోట కుస్తీ పడుతూ చదివేవాడు. చదవడం తప్పులు పట్టడానికి. దొరికాయి కూడా. ఆ సాయంత్రం ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"తోడేలు రెక్కలు జాపుకొని గుట్ట మీదికెల్లి దుంకిందట! తోడేలుకు రెక్కలుంటయా? వాడు ఎన్నడన్న తోడేలును చూసిండా?"

"నీ చిరుత కృష్ణ ఈదొచ్చి నీతోటి మాట్లాడింది గదా," అంది భాగ్యలక్ష్మి. "నేనేమన్న అడిగిన్నా?"

నాది వేరే అని చెప్పాలనుకున్నాడు. ఎందుకు వేరో ఆయనకే తెలియదు. ముఖం మాడ్చుకుని దొడ్లోకి పోయాడు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. తప్పులు పట్టడానికి కూర్చున్న మనిషి రెండో భాగం సగానికి వచ్చేసరికి తప్పులు వెతకడం మరిచిపోయాడు. తారావళి అని ఒక రాజుగారి బిడ్డ. ఆమె చేతిలో ఒక గవ్వ, గవ్వలో ఆరని నిప్పు. రాళ్లరాజు అనేవాడు దేశంలో మనుషుల గొంతులు లాక్కుని వాళ్లను రాళ్లు చేస్తుంటాడు. తారావళి తన వాళ్లను విడిపించుకోవడానికి తన గొంతునే వాడికి ఇచ్చేస్తుంది. ఇక మూగగా, నిప్పు గవ్వ పట్టుకుని, ఆ గొంతు కోసం దేశాలు తిరుగుతుంది. ఆమె గొంతు ఇచ్చేసిన పేజీ చదువుతుండగా మంద మొత్తం పక్క చేలోని పల్లికాయ మీద పడింది. చేను ఆసామి కేకలు వేసుకుంటూ వచ్చేదాకా గుర్వయ్యకు తెలివి లేదు. నలభై ఏళ్ల కాపలాలో ఆయన మంద ఎవరి చేనూ తొక్కలేదు.

ఆ రోజు తిట్లు తిని ఇంటికి వస్తుంటే గుర్వయ్యకు ఏడుపొచ్చినంత పనయింది. తిట్లకు కాదు. పుస్తకం చెత్తగా ఉండి ఉంటే ఎంత బాగుండేది! వాడు బాగా రాశాడు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. ఏ చోట భాగ్య "మల్లేమాయె?" అంటుందో ఆ చోటల్లా వాడికి తెలుసు. తాను ఇన్నేళ్లుగా ఆమె ముందు కూర్చుని నేర్చుకున్నదాన్ని వాడు ఆమెను చూడకుండానే పట్టేశాడు. అసూయ అంటే ఏమిటో గుర్వయ్యకు ఆ దారిలో తెలిసొచ్చింది. దొంగను తిట్టొచ్చు, కొట్టొచ్చు. తనకన్నా బాగా చేసేవాణ్ని ఏం చేయాలి?

ఆ ఏడూ, ఆ మరుసటేడూ కలిపి నాలుగు భాగాలు చదివాడు. నాలుగో భాగం చివర తారావళి రాళ్లరాజు కోట తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఆమె గొంతు వస్తుందో రాదో తెలియదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, ఒకరికొకరు చెప్పుకోకుండా.

మూడో ఏడాది దీపావళి దాటింది. రేపు మంద కదులుతుందనగా భాగ్యలక్ష్మి ఆత్మకూర్ నుంచి చిరునవ్వుతో వచ్చింది. సంచిలోంచి ఐదో భాగం తీసింది. కొత్త పుస్తకం, ఇంకా అట్ట మెరుస్తోంది. శుభ్రమైన గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది.

"సదవవా?" అన్నాడు గుర్వయ్య.

"ఇప్పుడెందుకు? రేపు నువ్వు పోయినంక నిమ్మలంగ సదువుకుంట."

ఆమె మామూలుగానే అంది. వేరే ఉద్దేశమేమీ లేదు. కానీ ఆ మాట సూటిగా పోయి గుర్వయ్య గుండెలో దిగింది. నేను పోయినంక నిమ్మలమా? నేను ఎప్పుడు పోతానా అని చూస్తోందా? వాడితో కూర్చోవడానికా?

పొద్దున్నే పొట్టేలు నుదుటికి పసుపు పూశారు. గొంగళ్లు చుట్టారు, మూటలు కట్టారు. భాగ్యలక్ష్మి దొడ్లో కుంటి గొర్రెలను విడదీస్తుండగా గుర్వయ్య ఇంట్లోకి పోయి, గూట్లోని పుస్తకాన్ని గుడ్డతో సహా గొంగడిలో దూర్చుకుని బయటికి వచ్చాడు. ఆమె ముఖం చూడకుండా మందను అదిలించాడు.

సాయంత్రం మొదటి మజిలీ చేరకముందే ఫోను మోగింది.

"పుస్తకం నీ తాన ఉన్నదా?"

అబద్ధం ఆడాలని నోటి దాకా వచ్చింది. "ఉన్నది," అన్నాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు! గది సర్కారు గ్రంథాలయంది. నేనేం చెప్పాలె నిహారికకు? రెండేండ్ల సంది ఎదురు చూస్తున్న గదా గా పుస్తకానికి!"

"నేను సదివి చెప్త," అన్నాడు గుర్వయ్య. "దినాం మాపటికి ఫోన్ల చెప్త."

అటునుంచి చిన్నగా వినిపించింది. "సరే. చెప్పు."

అంతే, గుర్వయ్యకు కాళ్లు నేల మీద ఆనలేదు. పగలు చదివేవాడు, పొద్దుగూకే వేళ చెప్పేవాడు. పాత రోజులు తిరిగొచ్చాయి. ఫోన్లోంచి "మల్లేమాయె?" అని వచ్చినప్పుడల్లా పక్కన ఎవరున్నా చూడకుండా ఒళ్లు మరిచి చెప్పేవాడు. వెంట మంద కలుపుకున్న చిన్నాయన కొడుకు దామోదర్ మూతి మీద గుడ్డ పెట్టుకుని నవ్వేవాడు. అమ్రాబాద్ అంచున సిగ్నల్ దొరక్కపోతే పెద్ద బండరాతి గుండు మీదికెక్కి నిలబడి చెప్పాడు. పెళ్లైన కొత్తలో కూడా అన్న గిట్ల గుండ్లెక్కలేదని దామోదర్ అన్నాడు.

అయితే రఘుపతి మాటలను ఉన్నవి ఉన్నట్టు చెప్పడం ఆయనకు సహించలేదు. వాడి కథ తన నోటితో చెప్పడమే అవమానం. అందుకని అక్కడక్కడ తనవి కలిపాడు. తారావళి వెనకాల ఒక గొర్రెపిల్లను నడిపించాడు.

"గొర్రెపిల్ల యాడికెల్లి వచ్చింది?" అంది భాగ్యలక్ష్మి.

"ఉన్నది. పుస్తకంల ఉన్నది."

"ఉన్నదా? సరే సరే. మల్లేమాయె?"

ఆమె గొంతులో ఏదో తేడా వినిపించింది. చలికి గొంతు పట్టిందేమో అనుకున్నాడు.

దేవరకొండ దాటి కాలువల కింది మళ్లలో దిగేసరికి మంచు ఎక్కువైంది. గొంగళ్లు తడిసి ముద్దవుతున్నాయి. పుస్తకం పాడవుతుందని గుర్వయ్య దాన్ని మూటల్లో అన్నిటికన్నా మందమైన సంచిలో పెట్టాడు. అది ఉప్పు సంచి. గొర్రెలకు అప్పుడప్పుడు ఉప్పు చారెడు చల్లుతారు, వాటికి అదంటే ప్రాణం. లోకంలో ఏ చదువరీ పుస్తకాన్ని అందులో దాచడు. గుర్వయ్యకు మాత్రం అంతకన్నా పొడి జాగా కనపడలేదు.

రోజూ ఉప్పులో పడుకుని పుస్తకం ఉప్పు పీల్చుకుంది. ఒక మధ్యాహ్నం ఆయన మందకు ఉప్పు వేసి, సంచి మూతి బిగించబోతుండగా మంద ఎక్కడ నిలపాలో మాట్లాడటానికి రైతు పిలిచాడు. పోయి వచ్చేసరికి డొప్పచెవుల గొర్రె సంచిలో మూతి పెట్టి నిమ్మళంగా నములుతోంది. పుస్తకం బయటికి లాగాడు. ముందటి సగం ఉంది. తారావళి రాళ్లరాజు కొలువులోకి అడుగుపెట్టే పేజీ ఉంది. ఆ తర్వాత వెనక అట్ట, దాని మీద రఘుపతి బొమ్మ ఉన్నాయి. నడుమ ఏమీ లేదు. గుర్వయ్య కర్ర ఎత్తాడు. అది చూలు గొర్రె. కర్ర దించి కింద కూలబడ్డాడు.

"వదినెకు నిజం చెప్పన్నా," అన్నాడు దామోదర్. "గొర్రె తిన్నదని చెప్పు."

"చెప్తే రేపటి సంది ఫోన్ చెయ్యదు."

"ఎందుకు చెయ్యదు?"

"ఆమె ఇనేది నన్ను గాదురా. వాన్ని."

ఈ మాట బయటికి అనేశాక గుర్వయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండు రోజులు సిగ్నల్ లేదని ఫోను ఆపి పెట్టాడు. మూడో రోజు ఆమె దామోదర్ ఫోనుకు చేసింది. "తారావళి లోపలికి పోయింది గదా, మల్లేమాయె?" అని అడిగింది. దామోదర్ ఫోను గుర్వయ్య చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

ఇక చేసేదేముంది? గుర్వయ్య కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి వాడి కథ కాదు, తనదే. పగలంతా మంద వెనక నడుస్తూ కూర్చుకునేవాడు, కుదరనివి తీసేసేవాడు. ఒక్కసారన్నా వాణ్ని మించాలి. వాడు ఈ చోట ఏం రాసి ఉంటాడో, దానికన్నా పై మెట్టు మీద ఉండాలి. బువ్వ తింటూ కూడా అదే ధ్యాస. అట్లా చాలా రోజులు లాగి, ఒక సాయంత్రం కాలువ గట్టు మీద కూర్చుని ముగింపు చెప్పాడు.

"రాళ్లరాజు కొలువుల ఏడ చూసినా గవ్వలే. ఒక్కో గవ్వల ఒక్కో మనిషి గొంతు. మాపటికి మంద మర్లినప్పుడు పిల్లలన్ని ఒక్కపారి అరుస్తయి చూడు, గట్ల మొత్తుకుంటున్నయి. రాళ్లరాజు అంటడు, నీ గొంతు ఏదో గుర్తువట్టి తీస్కపో అని. తారావళి ఒక్కో గవ్వ చెవికి పెట్టుకున్నది. ఏదీ తనదనిపియ్యలే."

"ఎందుకు?"

"మాట్లాడేటోళ్లకు తమ గొంతు ఏం ఎరుక భాగ్యా? ఇన్నోళ్లకే ఎరుక."

"మరి ఎట్ల దొరికింది?"

"ఒకామె వచ్చింది. తారావళి ఇల్లు ఇడిసి పోయిన కాడికెల్లి గడప మీద కూసోని ఎదురుచూసినామె. గామె వచ్చి, గన్ని గవ్వలల్ల ఒక్కటి తీసి, గిదే అన్నట్టు తారావళి చేతుల పెట్టింది. అయిపోయింది కథ."

కాలువలో నీళ్ల చప్పుడు వింటూ గుర్వయ్య ఎదురుచూశాడు.

"గామె పేరేంది?" అంది చివరికి భాగ్యలక్ష్మి.

"పేరా? పేరు... పుస్తకంల రాయలే."

"మంచిగున్నది. తిని పండుకో," అని ఆమె పెట్టేసింది.

గుర్వయ్య గెలిచాననుకున్నాడు. దామోదర్‌ను లేపి మరీ చెప్పాడు. వాడు రాసింది గొర్రె తిన్నది, నేను చెప్పింది భాగ్య విన్నది అని పొంగిపోయాడు.

మిరుగానికి ఇల్లు చేరాడు. తలకు పోసుకుని, బువ్వ తిని, గొర్రె సగం తిన్న పుస్తకాన్ని గుడ్డలోంచి తీసి ఆమె ముందు పెట్టి, అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడు గూటి వైపు చూశాడు. అక్కడ ఐదో భాగం నిలబడి ఉంది. నిండు పుస్తకం, ఒక్క పేజీ పోలేదు. రఘుపతి నవ్వుతున్నాడు.

"గది... యాడికెల్లి వచ్చింది?"

"నిహారిక తాన ఇంకోటి ఉండె," అంది భాగ్యలక్ష్మి మామూలుగా. "నువ్వు పోయిన వారంలనే తెచ్చుకున్న. నువ్వు అమ్రాబాద్ చేరకముందే అయిపోయింది."

గుర్వయ్యకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమయింది. గొర్రెపిల్ల. గొంతులో తేడా. అది జలుబు కాదు, నవ్వు ఆపుకోవడం. గుండు మీదికెక్కి చెప్పినవి, కాలువ గట్టున చెప్పినవి, అన్నిటికీ ఆమె పుస్తకం పూర్తి చేశాకే "మల్లేమాయె?" అంది. అయినా ఆ మనిషి చూడండి, అడగాల్సింది ఎందుకు విన్నావని కదా? ఆయన అడిగింది వేరే.

"మరి ఎవరిది మంచిగున్నది? నాదా, వానిదా?"

భాగ్యలక్ష్మి మొగుడి మనసు కోసం అబద్ధం ఆడే మనిషి కాదు. "ఆయినదే," అంది.

గుర్వయ్య అరుగు మీంచి ముందుకు వంగాడు. "ఎందుకట్ల? నాదాంట్ల ఏం తక్కువ?"

"నీ కథల గడప మీద ఒకామె కూసున్నది గదా. గా గొంతును గుర్తువట్టింది, గవ్వ తీసింది, చేతుల పెట్టింది. నోరు తెరిచి ఒక్క ముచ్చటన్న చెప్పిందా? గామెకు గొంతు లేదా?"

ఆమె ఆ సగం పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అంచుల మీద పళ్ల గాట్లు చూసింది.

"ఏ గొర్రె తిన్నది?"

"డొప్పచెవులది."

భాగ్యలక్ష్మి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గదే తింటదని అనుకున్న. గది ఎట్ల బతికిందో నీకెరుకనా?"

ఎరుక లేదు. నాలుగైదేళ్లుగా తన మందలో నడుస్తున్న గొర్రె అది. ఒక మిరుగం నాడు వచ్చేసరికి దొడ్లో ఉంది. ఇంట్లో పుట్టింది కాబోలు అనుకున్నాడు తప్ప ఎన్నడూ అడగలేదు.

"నువ్వు పోయినంక కుంటిది ఈనింది. పిల్ల అడ్డం తిరిగింది. పిలుద్దామంటే చుట్టుపట్ల ఎవ్వలు లేరు, అందరు కోతలకు పోయిండ్రు. నేనే చెయ్యి పెట్టి తీసిన. తల్లి సచ్చిపోయింది. ఇది మాత్రం దక్కింది, ఊపిరి ఉన్నదా లేదా అన్నట్టుండె. ఒళ్లె పెట్టుకొని పొయ్యి కాడ కూసున్న, సీసతోటి పాలు పోసిన. ఇంట్లనే పెరిగింది, నా ఎంబడే తిరిగేది. గోడ మీద క్యాలెండర్ తినేది, సంఘం కాగితాలు తినేది. దానికి కాగితమంటే గంత ఇష్టం."

ఇంకా చెప్పింది. గాలివానకు ఇంటిపై రేకు లేచిపోతే ఒక్కతే నిచ్చెన వేసుకుని ఎక్కిన సంగతి చెప్పింది. జ్వరంతో పడుకుంటే ఆ గొర్రెపిల్ల మంచం దిగనివ్వని సంగతి చెప్పింది. గుర్వయ్య చిరుతలతో మాట్లాడిన ఏళ్లన్నిటిలోనూ ఈ ఇంట్లో ఇన్ని జరిగాయి. ఆమె చెప్పే తీరు చూసి ఆయన నివ్వెరపోయాడు. ఎక్కడ ఆపాలో ఆమెకూ తెలుసు.

"గియ్యన్ని ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పినవే?" అన్నాడు.

"ఎవ్వలకు చెప్త? నువ్వొచ్చి కూసుంటే నీ చిరుతలే సరిపాయె," అంది భాగ్యలక్ష్మి. "దొడ్లె కుంటి గొర్రెలుంటయి గదా. వాటికే చెప్పిన."

దొడ్లో కుంటి గొర్రెలు నెమరు వేస్తున్నాయి. గుర్వయ్య వాటి వైపు చూశాడు. గూట్లో నవ్వుతున్నవాణ్ని చూసినప్పుడు కూడా ఆయనకు అంత ఈర్ష్య కలగలేదు. అరుగు దిగి వచ్చి, గడప దగ్గర ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

"రేకు ఎక్కినవ్ గదా," అన్నాడు. "మల్లేమాయె?"